అసలు యెస్ ఎవరిది? బ్యాండ్ చీలికల మీద మతం మాటల్లో సాగే వాదనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇదంతా ఏ బ్యాండ్ గురించి?

బ్రిటన్‌కు చెందిన ప్రోగ్రెసివ్ రాక్ (పొడుగాటి, చిక్కు కూర్పుల రాక్ సంగీతం) బ్యాండ్ యెస్ గురించి. 1968లో లండన్‌లో గాయకుడు జాన్ ఆండర్సన్, బేస్ గిటారిస్ట్ క్రిస్ స్క్వయర్ కలిసి మొదలుపెట్టారు. గిటార్ పీటర్ బ్యాంక్స్, కీబోర్డులు టోనీ కే, డ్రమ్స్ బిల్ బ్రూఫర్డ్. ఈ బ్యాండ్ 2023లో కూడా కొత్త ఆల్బమ్ విడుదల చేసింది. కాకపోతే అందులో ఆ మొదటి అయిదుగురిలో ఒక్కరూ లేరు. గొడవంతా అక్కడే ఉంది.

ఎవరెప్పుడు వచ్చారు, ఎవరెప్పుడు వెళ్ళారు? టూకీగా చెప్పండి.

టూకీగా చెప్పినా కాస్త పొడుగే. 1970లో బ్యాంక్స్‌ని పంపించేసి స్టీవ్ హౌని తెచ్చుకున్నారు. 1971లో కే బదులు రిక్ వేక్‌మన్ వచ్చాడు. 1972లో బ్రూఫర్డ్ కింగ్ క్రిమ్సన్‌లోకి వెళ్ళిపోతే అలన్ వైట్ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. 1974లో వేక్‌మన్ తప్పుకుని పాట్రిక్ మోరాజ్ వచ్చాడు. రెండేళ్ళకి మోరాజ్ వెళ్ళిపోయి వేక్‌మనే తిరిగొచ్చాడు. 1980లో ఆండర్సన్, వేక్‌మన్ ఇద్దరూ బయటికి నడిచారు, ట్రెవర్ హార్న్, జెఫ్ డౌన్స్ లోపలికి వచ్చారు. 1981లో దుకాణం కట్టేశారు. 1983లో ట్రెవర్ రాబిన్ అనే కొత్త గిటారిస్టుతో, పాత కేతో, తిరిగొచ్చిన ఆండర్సన్‌తో మళ్ళీ తెరిచారు. 1989లో రెండు ముక్కలు, 1991లో ఎనిమిది మందితో ఒకే ముక్క, ఆ తర్వాత మళ్ళీ రాకపోకలు. 2008లో కొత్త గాయకుడు, 2012లో ఇంకో కొత్త గాయకుడు. 2015లో స్క్వయర్, 2022లో వైట్ కన్నుమూశారు.

ఈ అయోమయం మొదట్లోనే ఉంది. 1970లో వచ్చిన రెండో ఆల్బమ్‌కి అమెరికాలో వేసిన అట్ట మీద హౌ ఫొటో ఉంటుంది. ఆ ఆల్బమ్‌లో ఆయన ఒక్క తీగ కూడా మీటలేదు. మీటిన బ్యాంక్స్ ఆ ఫొటోలో లేడు.

సరే, మనుషులు మారారు. దీనికి మతం ఎందుకు తగిలించారు?

మనుషులంతా మారినా సంస్థ అదేనా అన్న ప్రశ్న మీద వందల ఏళ్ళుగా తల బద్దలు కొట్టుకున్నవి మతాలే. వారసుడు ఎవరు, ఏ గ్రంథం ప్రమాణం, విడిపోయినవాడిది కొత్త శాఖా లేక ద్రోహమా, క్రతువు చేసే మనిషి మారితే ఫలం దక్కుతుందా అన్న ప్రశ్నలన్నింటికీ అక్కడ పదజాలం సిద్ధంగా ఉంది. అభిమానులు దాన్ని అరువు తెచ్చుకున్నారు. యూరప్, అమెరికా బ్యాండ్ కాబట్టి పోలికలు ఎక్కువగా చర్చి చరిత్ర నుంచి వస్తాయి.

ఈ బ్యాండ్ విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. వీళ్ళ సంగీతానికే గుడి వాసన ఉంది. స్క్వయర్ చిన్నప్పుడు చర్చి గాయక బృందంలో పాడినవాడు. యెస్ పాటల్లో గొంతులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయే పద్ధతికి ఆ పెంపకం ఒక మూలం. ఆండర్సన్ సాహిత్యమంతా వెలుగు, మేల్కొలుపు, ఆరోహణ. 1977 ఆల్బమ్ కోసం మిగతా బ్యాండ్ స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో స్టూడియోలో ఉంటే, వేక్‌మన్ కొన్ని కిలోమీటర్ల అవతల వెవే ఊళ్ళో సెయింట్ మార్టిన్ చర్చిలో కూర్చుని అక్కడి పెద్ద ఆర్గన్ వాయించాడు. రెండు చోట్లనీ టెలిఫోన్ లైన్‌తో కలిపి రికార్డు చేశారు. అంత దూరం వెళ్ళి చర్చి శబ్దాన్ని తెచ్చుకున్న బ్యాండ్ గురించి అభిమానులు చర్చి భాషలో కొట్టుకుంటే వింత ఏముంది?

'అపోస్తలుల వారసత్వం' అనే వాదన ఏమిటి?

కాథలిక్, ఆర్థడాక్స్, ఆంగ్లికన్ సంప్రదాయాల్లో ఒక బిషప్‌ని మరో బిషప్ తల మీద చేతులుంచి నియమిస్తాడు. ఆ నియమించినవాడిని అంతకు ముందువాడు నియమించి ఉంటాడు. అలా వెనక్కి వెళితే ఆ గొలుసు అపోస్తలుల దాకా, అంటే ఏసు తొలి శిష్యుల దాకా, తెగకుండా ఉంటుందని నమ్మకం. మనకు తెలిసిన గురుపరంపర లాంటిదే.

యెస్‌లో ఆ గొలుసు పేరు క్రిస్ స్క్వయర్. 1969 నుంచి 2014 దాకా యెస్ పేరు మీద వచ్చిన ప్రతి స్టూడియో ఆల్బమ్‌లోనూ ఉన్న ఒకే ఒక్క మనిషి ఆయన. ఈ వర్గం లెక్క తేలిక. స్క్వయర్ ఎక్కడ నిలబడితే అది యెస్. ఆయన పక్కన నిలబడి వాయించినవాడికి దీక్ష అయినట్టే. ఈ కొలతతో హార్న్ కూడా అసలైన యెస్ గాయకుడే, రాబిన్ కూడా అసలైన యెస్ గిటారిస్టే. వేక్‌మన్, హౌ, బ్రూఫర్డ్ వంటి మహామహులు కలిసినా పక్కన స్క్వయర్ లేకపోతే అది యెస్ కాదు.

ఈ వాదనకున్న బలం, ఇది వినేవాడి ఇష్టాయిష్టాలతో పని లేకుండా నడుస్తుంది. పాట బాగుందా లేదా అని అడగదు, ఆ గదిలో ఎవరున్నారు అని మాత్రమే అడుగుతుంది. బలహీనతా అదే అనుకోండి.

మరి 'గొంతే యెస్' అనేవాళ్ళ సంగతి?

వీళ్ళు రెండో పెద్ద వర్గం. వీళ్ళ దృష్టిలో మత స్థాపకుడు ఆండర్సన్. ఆ పలచని, ఎత్తైన, దాదాపు బాలుడి గొంతు లాంటి గొంతు లేకుండా ఎన్ని గిటార్లు మోగినా అది వాద్య బృందమే గాని యెస్ కాదంటారు. మాటలు రాసింది ఆయన, పెద్ద పెద్ద నిర్మాణాలు కలగని మిగతావాళ్ళని తన వెంట లాక్కెళ్ళింది ఆయన. పరంపర, దీక్ష, పీఠం అన్నీ తర్వాత కట్టుకున్న గోడలు, ప్రవక్త మాట వినిపించే చోటే మతం ఉంటుంది అన్నది వాళ్ళ వాదన సారం.

విచిత్రం ఏమిటంటే రెండు వర్గాలూ 1970ల ఆల్బమ్‌లనే ముందు పెట్టుకుని వాదిస్తాయి. వాటిలో ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఆ ఆల్బమ్‌లు ఏ వర్గం వాదననూ రుజువు చేయవు. తేడా తెలియాలంటే ఇద్దరిలో ఒక్కరే ఉన్న చోటు చూడాలి. దానికి దొరికే మొదటి పెద్ద ఉదాహరణ 1980.

1980 నాటి 'డ్రామా' ఆల్బమ్‌ని మతద్రోహం అంటారెందుకు?

హార్న్, డౌన్స్ వచ్చింది బగుల్స్ అనే పాప్ జంట నుంచి. అప్పటికి కొద్ది నెలల ముందే వాళ్ళ పాట బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఇరవై నిమిషాల పాటలు చేసే బ్యాండ్‌లోకి మూడు నిమిషాల పాప్ కుర్రాళ్ళు వచ్చి ఆండర్సన్, వేక్‌మన్ కుర్చీల్లో కూర్చున్నారు. ఆస్తికుల సభలో నాస్తికుడిని పీఠం ఎక్కించినంత పనైంది. బ్రిటన్ కచేరీల్లో కొందరు ప్రేక్షకులు హార్న్ మీద అరిచారు కూడా. ఆండర్సన్ గొంతుకు కొలిచి కుట్టిన పాటల్ని రాత్రి తర్వాత రాత్రి పాడడం హార్న్‌కి నరకమైంది.

ఆల్బమ్ మాత్రం బ్రిటన్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్ళింది. ఇప్పుడు నిష్పక్షపాతంగా వింటే దాంట్లో స్క్వయర్ బేస్, హౌ గిటార్ అంతకు ముందు ఆల్బమ్‌లోకన్నా పదునుగా ఉంటాయి. మొదట్లో ఛీ కొట్టినవాళ్ళలో చాలామంది తర్వాత తర్వాత దీన్ని మెచ్చుకున్నారు. నా లెక్కలో స్క్వయర్ వర్గం వాదనకి దీన్ని మించిన సాక్ష్యం లేదు. ప్రవక్త లేకపోయినా క్రతువు ఫలించింది.

1983 'సంస్కరణోద్యమం' అనే పోలిక సరైనదేనా?

ఎక్కువమంది అదే వాడతారు గాని అతకదు. 1517లో మార్టిన్ లూథర్ కాథలిక్ చర్చి మీద లేవదీసిన ఉద్యమం వెనక్కి, మూల గ్రంథానికి వెళదాం అంది. 1983లో యెస్ చేసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. స్క్వయర్, వైట్, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన రాబిన్ కలిసి 'సినిమా' అనే పేరుతో కొత్త బ్యాండ్ పెట్టారు, కే వచ్చి చేరాడు, హార్న్ ఈసారి రికార్డు నిర్మాతగా కూర్చున్నాడు. పాటలు చాలావరకు సిద్ధమయ్యాక ఆండర్సన్ వచ్చి పాడాడు. దాంతో పేరు యెస్ అయిపోయింది. హౌ స్థానాన్ని కాజేసినవాడిగా తనని చూస్తారని రాబిన్‌కి ఆ పేరు నచ్చలేదు. అతని భయం నిజమే అయింది.

'90125' అనే ఆ ఆల్బమ్ వాళ్ళ జీవితంలోకెల్లా ఎక్కువ అమ్ముడైంది. అందులోని ఒక పాట 1984 జనవరిలో అమెరికాలో నంబర్ వన్. వదిలేసిన 'సినిమా' అనే పేరు రెండు నిమిషాల వాద్య ఖండానికి శీర్షికగా మిగిలింది. ఈ బ్యాండ్‌కి వచ్చిన ఏకైక గ్రామీ ఆ ఖండానికే.

దీనికి సరిపోయే పోలిక రెండో వాటికన్ మహాసభ. 1962 నుంచి 1965 దాకా జరిగిన ఆ సభ తర్వాత కాథలిక్ ఆరాధన లాటిన్ నుంచి జనం మాట్లాడే భాషల్లోకి వచ్చింది. పీఠం అదే, పరంపర అదే, భాష మారింది. కొత్తవాళ్ళు దగ్గరయ్యారు. పాతవాళ్ళలో కొందరు లాటిన్ పూజ వదులుకోం అని వేరుగా కూర్చున్నారు. రాబిన్ కాలాన్ని 'యెస్‌వెస్ట్' అని వేరే పేరుతో పిలిచే అభిమానులు సరిగ్గా అలాంటివాళ్ళే. అది యెస్ కాదని అనరు, కాని పక్కన ఒక గీత గీస్తారు.

'ఇద్దరు పోపులు' అంటే ఏ కాలం?

రెండుసార్లు జరిగింది. 1988లో ఆండర్సన్ రాబిన్ కాలపు యెస్‌ని వదిలేశాడు. మరుసటి ఏడు బ్రూఫర్డ్, వేక్‌మన్, హౌలని కూడగట్టుకుని ఆల్బమ్ చేశాడు. నలుగురూ పాతవాళ్ళే, అట్ట మీద పాత చిత్రకారుడు రోజర్ డీన్ బొమ్మ, కచేరీల్లో పాత పాటలు. పేరు మాత్రం లేదు. అది స్క్వయర్ వైపు ఉండిపోయింది. అందుకని నాలుగు ఇంటిపేర్లు వరసగా పెట్టి బ్యాండ్‌ని పిలుచుకోవలసి వచ్చింది, ఏదో లా ఫర్మ్ బోర్డులాగా. కచేరీల ప్రకటనల్లో 'యెస్ సంగీత సాయంత్రం' అన్న అర్థం వచ్చేలా వేస్తే దాని మీదా కోర్టు గొడవే.

రెండోసారి 2017లో. ఆండర్సన్, రాబిన్, వేక్‌మన్ ముగ్గురూ తమ బృందానికి యెస్ అన్న పేరు ముందు చేర్చుకున్నారు. అవతల హౌ, వైట్, డౌన్స్ ఉన్న యెస్ అప్పటికే ఊళ్ళు తిరుగుతోంది. దాంతో ఒకే పేరుతో రెండు బ్యాండ్‌లు టికెట్లు అమ్మాయి. 2020 నాటికి ఆండర్సన్ వైపు బృందం ముగిసింది.

చర్చి చరిత్రలో 1378 నుంచి 1417 దాకా ఇలాగే నడిచింది. రోమ్‌లో ఒక పోపు, అవిన్యోన్‌లో ఒక పోపు, ఒకరినొకరు వెలివేసుకోవడం. రాజులు, రాజ్యాలు తలా ఒక వైపు. పోలిక ఎందుకు బాగా కుదురుతుందంటే అక్కడ కూడా సిద్ధాంతంలో తేడా లేదు. ఇద్దరూ ఒకే పూజ చేశారు. ఇక్కడ ఇద్దరూ ఒకే పాటలు వాయించారు. తగువంతా కుర్చీ గురించే.

మరి 1991లో అందరూ కలిశారుగా? గొడవ తీరలేదా?

1409లో ఇద్దరు పోపుల సమస్య తీర్చడానికి పీసాలో సభ పెట్టి మూడోవాడిని ఎన్నుకున్నారు. పాత ఇద్దరూ దిగలేదు. ముగ్గురయ్యారు. 1991లో అందరూ కలిసి తెచ్చిన 'యూనియన్' ఆల్బమ్ కథ వింటే నాకు పీసానే గుర్తొస్తుంది.

రెండు బృందాలు వేరువేరుగా మొదలుపెట్టిన పాటల్ని ఒకే అట్టలో పెట్టారు. ఖాళీలు పూరించడానికి బయటి స్టూడియో వాద్యకారులు చాలామంది వచ్చారు. ఫలితం వేక్‌మన్‌కే నచ్చలేదు. వినగానే కళ్ళ నీళ్ళు వస్తాయని దానికి ఉల్లిపాయ అని పేరు పెట్టాడు. కచేరీలు మాత్రం వేరే సంగతి. గుండ్రటి వేదిక మీద ఇద్దరు గిటారిస్టులు, ఇద్దరు కీబోర్డు వాద్యకారులు, ఇద్దరు డ్రమ్మర్లు, చుట్టూ జనం. 1980ల పాటల్లో హౌ ఏం చేయాలి, 1970ల పాటల్లో రాబిన్ ఏం చేయాలి అన్నది చాలా రాత్రులు తేలినట్టు లేదు. కాని బ్రూఫర్డ్, వైట్ పక్కపక్కన కూర్చుని వాయించడం మళ్ళీ దొరికే దృశ్యం కాదు.

టూర్ అయ్యాక వేక్‌మన్, హౌ, బ్రూఫర్డ్ వెళ్ళిపోయారు. 1994లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ మళ్ళీ రాబిన్ జట్టుదే.

ట్రిబ్యూట్ బ్యాండ్‌లో పాడేవాడిని తెచ్చి పెడితే అది యెస్ ఎలా అవుతుంది?

2008లో ఆండర్సన్ శ్వాస సమస్యతో తీవ్రంగా జబ్బుపడ్డాడు, టూర్ ఆగిపోయింది. స్క్వయర్ యూట్యూబ్‌లో కెనడాకు చెందిన బెన్వా డేవిడ్‌ని చూశాడు. అతను యెస్ పాటలే పాడే ట్రిబ్యూట్ బ్యాండ్ గాయకుడు. అతన్ని తీసుకుని బయల్దేరారు. ఆండర్సన్ నొచ్చుకున్నాడు, ఆ మాట బయటికే అన్నాడు. ఆ తర్వాత డేవిడ్ కూడా శ్వాస సంబంధమైన అనారోగ్యంతోనే తప్పుకోవలసి వచ్చింది. 2012లో జాన్ డేవిసన్ వచ్చాడు. ఫూ ఫైటర్స్ డ్రమ్మర్ టేలర్ హాకిన్స్ అతని చిన్ననాటి స్నేహితుడు, అతనే స్క్వయర్‌కి పేరు చెప్పాడు.

ఈ ప్రశ్నకి చర్చి చరిత్రలో సరైన జంట 4వ శతాబ్దపు డొనాటిస్టు వివాదం. ఉత్తర ఆఫ్రికాలో హింసకి భయపడి పవిత్ర గ్రంథాలు అధికారులకి అప్పగించిన మతగురువులు, ఆ తర్వాత ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా? చెల్లదు, ఇచ్చేవాడు పవిత్రుడై ఉండాలి అన్నారు డొనాటిస్టులు. చెల్లుతుంది, బాప్తిస్మం విలువ ఇచ్చేవాడి యోగ్యత మీద ఆధారపడదు అన్నాడు బిషప్ అగస్టీన్. చర్చి అగస్టీన్ వైపు నిలబడింది.

యెస్ కచేరీకి వెళ్ళి కళ్ళు మూసుకుని వింటే పాట మనసుకి తాకిందా లేదా? తాకితే పాడినవాడు ఎవరైతేనేం అనేవాళ్ళు అగస్టీన్ పక్షం. ఎంత బాగా పాడినా అది అనుకరణే, ఆ మాటలు పుట్టిన నోటి నుంచి రాలేదు అనేవాళ్ళు డొనాటిస్టులు. పాత పాటల వరకు నేను అగస్టీన్ వైపే. కొత్త పాటల దగ్గరికి వచ్చేసరికి అంత ధీమా ఉండదు. పాత పాట పాడడానికి గొంతు చాలు. కొత్తది రాయడానికి ఆ గొంతు వెనక ఉన్న పిచ్చి కావాలి.

2015 తర్వాత గొలుసు తెగిందా?

ఆ ఏడు మేలో స్క్వయర్‌కి లుకేమియా అని, చికిత్స జరుగుతుండగా బిల్లీ షేర్వుడ్ బేస్ వాయిస్తాడని బ్యాండ్ ప్రకటించింది. షేర్వుడ్ కొత్తవాడేమీ కాదు, 1990ల చివర్లో యెస్ సభ్యుడు, స్క్వయర్‌కి ఏళ్ళ తరబడి సన్నిహితుడు. జూన్ 27న స్క్వయర్ పోయాడు. మఠాల్లో గురువు బతికుండగానే ఉత్తరాధికారిని ప్రకటించే పద్ధతి ఉంది కదా, దాదాపు అలా జరిగింది.

ఇంకో లెక్క చెబుతాను, వాదనల్లో దీన్ని ఎందుకో ఎవరూ పెద్దగా ఎత్తరు. ఇప్పుడు యెస్‌లో ఉన్నవాళ్ళు హౌ, డౌన్స్, డేవిసన్, షేర్వుడ్, డ్రమ్మర్ జే షెలెన్. ఈ అయిదుగురిలో నలుగురు యెస్ సభ్యులుగా స్క్వయర్ పక్కన నిలబడి వాయించినవాళ్ళే. షెలెన్ ఒక్కడే స్క్వయర్ పోయాక వచ్చాడు, అదీ ఆరోగ్యం బాగాలేని వైట్‌కి తోడుగా. వైట్ 1972 నుంచి చనిపోయేదాకా ఎప్పుడూ బ్యాండ్ వదలలేదు. కాబట్టి చేతులుంచే లెక్కన చూస్తే గొలుసు తెగలేదు. తెగలేదు సరే, బంగారమెంత, రాగెంత అంటారా? అది వేరే ప్రశ్న.

ఏ ఆల్బమ్‌లు ప్రమాణ గ్రంథాలు?

ఈ విషయంలో మాత్రం గొడవ తక్కువ. 1971 నుంచి 1977 దాకా వచ్చినవాటిని ఎవరూ కాదనరు. 'డ్రామా', '90125' చేర్చాలా వద్దా అన్నది మధ్యలో. ఆ తర్వాతివి ఎవరి భక్తి వారిది.

1973 నాటి నాలుగు పాటల డబుల్ ఆల్బమ్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. పరమహంస యోగానంద ఆత్మకథలోని ఒక అధోజ్ఞాపిక ఆండర్సన్ కంట పడింది. అందులో శాస్త్రాలు శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని నాలుగు రకాలని ఉంది. ఆయన దాన్ని పట్టుకుని ఒక్కో రకానికి ఒక్కో వైపు చొప్పున నాలుగు వైపులూ నింపాడు. ఒక్కో పాట సుమారు ఇరవై నిమిషాలు. మూల గ్రంథాల జోలికి పోకుండా పేజీ అడుగునున్న చిన్న వివరణ నుంచి ఎనభై నిమిషాల సంగీతం లాగిన ధైర్యానికి దండం పెట్టాలి. వేక్‌మన్ మాత్రం పెట్టలేదు. మాంచెస్టర్ కచేరీలో తనకి పని లేని చోట వేదిక మీదే కూరన్నం తిన్నాడు. ఈ కథ ఆయనే చాలాసార్లు చెప్పాడు. ఆ టూర్ అయ్యాక బ్యాండే వదిలేశాడు.

ఆ వర్గీకరణే ఇక్కడా పనికొస్తుంది. స్మృతికీ శ్రుతికీ పొసగని చోట శ్రుతే ప్రమాణం అని మన సంప్రదాయం. 1970ల స్టూడియో రికార్డులు శ్రుతి, తర్వాతి జట్లు వాటిని వేదిక మీద వాయించేది స్మృతి అనుకుంటే సగం తగాదాలు చల్లారతాయి.

పాఠాంతరాలు కూడా ఉన్నాయి. 2011లో డేవిడ్ గొంతుతో వచ్చిన ఆల్బమ్‌ని 2018లో హార్న్ తన గొంతుతో మళ్ళీ పాడి విడుదల చేశాడు. ముందు పాడినవాడు ఆ ప్రతిలో ప్రధాన గాయకుడిగా లేడు. నాకు ఇది కాస్త అన్యాయంగా అనిపిస్తుంది.

హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం తీర్పు ఇచ్చినట్టు కాదా?

2017 ఏప్రిల్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఎనిమిది మందిని తీసుకుంది. ఆండర్సన్, స్క్వయర్, బ్రూఫర్డ్, కే, హౌ, వేక్‌మన్, వైట్, రాబిన్. అంటే 'యూనియన్' జట్టు యథాతథంగా. బ్యాంక్స్, మోరాజ్, హార్న్, డౌన్స్ పేర్లు లేవు. పునీతుల జాబితా అనుకుంటే దాన్ని ఎవరు తయారుచేశారో, ఎందుకు కొందరే దొరికారో అడిగే హక్కు భక్తులకి ఉంటుంది.

ఆ రాత్రి చూడదగ్గ దృశ్యం ఒకటి జరిగింది. స్క్వయర్ లేడు కాబట్టి బేస్ ఎవరు వాయించాలి? ఒక పాటకి రష్ బ్యాండ్ గెడ్డీ లీ వాయించాడు. 1984లో నంబర్ వన్ అయిన పాటకి హౌ బేస్ పట్టుకున్నాడు. తను లేని కాలంలో పుట్టి, తన స్థానాన్ని ఆక్రమించిన జట్టుకి పేరు తెచ్చిన పాట అది. పక్కనే రాబిన్ గిటార్ వాయిస్తూ పాడుతున్నాడు. బ్రూఫర్డ్ వచ్చాడు గాని వాయించలేదు. వేక్‌మన్ ఉపన్యాసం పేరుతో హాస్యం పండించాడు. కొద్దిరోజులకే రెండు యెస్‌ల గొడవ మొదలైంది.

ఈ పోలికలు వేరే బ్యాండ్‌లకి వర్తిస్తాయా?

కొన్ని బాగా. బ్లాక్ సబ్బాత్‌లో 1979లో ఓజీ ఆస్బర్న్‌ని తీసేసి రానీ జేమ్స్ డియోని తెచ్చారు. 2006లో డియోతో మళ్ళీ కలిసినప్పుడు గొడవెందుకని హెవెన్ అండ్ హెల్ అని వేరే పేరు పెట్టుకున్నారు. ఇంత మర్యాదగా విడిపోయిన శాఖలు అరుదు. డీప్ పర్పుల్ అభిమానులు జట్లకి మార్క్ ఒకటి, మార్క్ రెండు అని అంకెలు వేసుకుని ప్రశాంతంగా ఉన్నారు. వాళ్ళకీ 1980లో ఒక దొంగ ప్రవక్త తగిలాడు. మొదటి గాయకుడు రాడ్ ఎవాన్స్ వేరెవరినో వెంటేసుకుని అదే పేరుతో కచేరీలు చేస్తే కోర్టు 6,72,000 డాలర్లు కట్టమంది. ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌కి 1974లో ఇంకా ఘోరం. పేరు నాదే అంటూ మేనేజరే అసలు సభ్యులు ఒక్కరూ లేని బ్యాండ్‌ని అమెరికా టూర్‌కి పంపాడు.

ఇలా పోల్చడం మతాన్ని వెక్కిరించినట్టు కాదా?

వెక్కిరింపుగా వాడేవాళ్ళు ఉన్నారు. కాని పోలిక బాగా చేయాలంటే ఆ మత చరిత్ర తెలియాలి, తెలిసినవాడు సాధారణంగా మర్యాదగానే మాట్లాడతాడు. ఒక్క హద్దు నేను పాటిస్తాను. ఇవాళ కూడా మనుషులు ప్రాణాలు పోగొట్టుకుంటున్న మతవిభేదాలని గిటారిస్టుల గొడవకి వాడను. పీసా సభ గురించి ఇప్పుడు ఎవరూ కత్తులు దూయరు.

పోలిక ఎక్కడ చెల్లదు?

డబ్బు దగ్గర. పీఠాలకీ ఆస్తులుంటాయి నిజమే, కాని బ్యాండ్ పేరు పూర్తిగా ట్రేడ్‌మార్క్. దాన్ని ఎవరు వాడుకోవాలో ఒప్పంద పత్రాలు తేలుస్తాయి, భక్తి తేల్చదు. 1989లో నలుగురు పాతవాళ్ళు ఓడింది సిద్ధాంతంలో కాదు, కాగితాల్లో. అభిమానులు వేదాంతం మాట్లాడుకుంటున్న సమయానికి లాయర్లు పని ముగించి ఉంటారు.

రెండోది, వీళ్ళు ఉద్యోగాలు చేసుకునే మనుషులు. బ్రూఫర్డ్ వెళ్ళింది వేరే సంగీతం చేయాలనిపించి. వైట్ చివరి ఏళ్ళలో తక్కువ వాయించింది ఒంట్లో బాగాలేక. ద్రోహం, వెలి, పతనం లాంటి పెద్ద మాటలు తెచ్చి వాటి మీద పరిస్తే ఒక మనిషి అలిసిపోయాడన్న చిన్న నిజం కనపడకుండా పోతుంది. 2008లో ఊపిరాడక పడుకున్న ఆండర్సన్ గురించి కొందరు మాట్లాడిన తీరు చూస్తే ఇది అర్థమవుతుంది.

మీరు ఏ వర్గం?

స్క్వయర్ వర్గం, 2015 దాకా. అప్పటినుంచి ఏ వర్గమూ కాదు. ఆండర్సన్ తన బృందంతో పాడినా వింటాను, హౌ తన యెస్‌తో వాయించినా వింటాను. రెండింటిలోనూ అసలు పాటల ముక్క ఉంది, రెండింటిలోనూ ఖాళీ కుర్చీ ఉంది.

కొత్తగా వినేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

1971లో వచ్చిన రెండు ఆల్బమ్‌లు, తర్వాత 1972 నాటిది. అవి నచ్చితే 1977. ఆపైన 'డ్రామా', '90125' ఒకదాని వెంట ఒకటి వినండి, గొడవ దేని గురించో మీకే తెలుస్తుంది. నాలుగు శాస్త్రాల డబుల్ ఆల్బమ్‌ని మొదట ముట్టుకోవద్దు.

హౌ కూడా తప్పుకుంటే ఏమవుతుంది?

ఆయన పుట్టింది 1947లో, కాబట్టి ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. అప్పుడు 1970ల నుంచి మిగిలినవాళ్ళు ఎవరూ ఉండరు. ఉన్నవాళ్ళలో అందరికన్నా ముందు యెస్‌లోకి వచ్చినవాడు జెఫ్ డౌన్స్ అవుతాడు. బగుల్స్ నుంచి 1980లో వచ్చిన ఆ కుర్రాడే. అప్పట్లో అరిచినవాళ్ళు ఇప్పుడు ఆయన్నే పరంపరకి పెద్దదిక్కు అనాల్సి వస్తుంది. ఆ రోజు వాదన వినడానికి నేను టికెట్ కొనుక్కుని మరీ కూర్చుంటాను.